సురభి కమలాబాయి: టాకీకి ముందు, తర్వాత

సభకు నమస్కారం.

సురభి కమలాబాయి పేరెత్తగానే ‘తెలుగు టాకీ (మాటలున్న సినిమా) తొలి కథానాయిక’ అని ఒక్క ముక్క చెప్పేసి ముందుకు వెళ్లిపోతాం. క్విజ్ పోటీకి అది చాలు. ఆమె అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే నాటకాల దగ్గర మొదలుపెట్టాలి.

సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టింది. మిగతా కంపెనీల్లో మగవాళ్లే చీర కట్టి సీత, ద్రౌపది వేషాలు వేస్తున్న రోజుల్లో, సురభిలో ఆడ వేషాలు ఆడవాళ్లే వేశారు. ఇంటిల్లిపాదీ నటులే, ఇక బయటివాళ్లతో పనేముంది? కమలాబాయి ఆ ఇంటి బిడ్డ. తల్లికి నాటకం మధ్యలోనే నొప్పులు వచ్చాయనీ, తెర దించాక ఈమె పుట్టిందనీ చెప్పుకుంటారు. కొంత కల్పన ఉన్నా ఉండొచ్చు గానీ, సురభి వాళ్ల సంగతి కాబట్టి నమ్మబుద్ధవుతుంది.

హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీస్తూ సురభి వాళ్లను పిలిపించారు. అప్పటికి ప్లేబ్యాక్, అంటే పాట ముందే రికార్డు చేసుకోవడం, లేదు. కెమెరా తిరుగుతుండగానే పాడాలి, పాడుతూనే ఏడవాలి. వాద్యాలవాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన నక్కి వాయించాలి. గొంతు తడబడిందా, షాట్ మళ్లీ మొదటికి! కొత్తవాళ్లకు ఎంత టెన్షనో ఊహించుకోండి. మైకు లేకుండానే చివరి వరుస దాకా పద్యం వినిపించిన కమలాబాయికి కష్టమేదైనా ఉంటే అది గొంతు తగ్గించుకోవడమే అయ్యుంటుంది.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన ఆ సినిమాలో ఆమె ప్రహ్లాదుడి తల్లి లీలావతి. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. తర్వాత హిందీ చిత్రాల్లోనూ నటించారు.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఈవిడే. ఆ సినిమా పదిసార్లు చూసినవాళ్లు కూడా ఆ అమ్మ ఎవరని అడగరు. కథానాయిక అమ్మ వేషానికి దిగిపోయిందని జాలిపడేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. సురభిలో చిన్నప్పుడు ప్రహ్లాదుడు వేసిన పిల్లే పెద్దయ్యాక లీలావతి వేస్తుంది, ఆపైన ముసలి వేషం కడుతుంది. ఏ వయసుకు ఆ వేషం. అందులో చిన్నతనం ఏముంది?

1977లో ఆమె కన్నుమూశారు. అదిగో, హార్మోనియం మీద శ్రుతి పెడుతున్నారు. పద్యాలకు వేళయింది, నేను మైకు వదిలేస్తాను.