గాయపడిన వెన్నుపాములో జెల్ ఏం చేస్తుంది?

యాంకర్: ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము ఎందుకు అతుక్కోదు, డాక్టర్ గారూ?

న్యూరోసర్జన్: చాలాసార్లు అది తెగదమ్మా, నలుగుతుంది. దెబ్బ క్షణంలో అయిపోతుంది. తర్వాత రోజుల తరబడి వాపు వల్ల, రక్తం సరిగా అందక పక్క కణాలూ చనిపోతాయి. చివరికి నీటి తిత్తి, చుట్టూ మచ్చ మిగులుతాయి. నరాల పోగులు అక్కడే ఆగిపోతాయి.

పరిశోధకురాలు: వాటికి పెరిగే శక్తే లేదనుకునేవారు. 1981లో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రవేత్తలు ఎలుకల కాలి నరం ముక్కను వంతెనలా అతికిస్తే, పోగులు అందులో దాదాపు 3 సెంటీమీటర్లు పెరిగాయి. చోటు అనుకూలిస్తే పెరుగుతాయన్నమాట. హైడ్రోజెల్‌తో మేం ఆ చోటునే తయారు చేస్తున్నాం.

యాంకర్: దేంతో చేస్తారు?

పరిశోధకురాలు: ఎక్కువ భాగం నీరే. దాన్ని పట్టి ఉంచే వల కొల్లాజెన్‌ది కావచ్చు, హయలురానిక్ ఆమ్లంది కావచ్చు. రెండూ మన ఒంట్లో ఉండేవే. కొన్ని సూదిలో ద్రవంగా ఉండి ఒంటి వేడికి గడ్డకడతాయి, గుంట ఏ ఆకారంలో ఉన్నా నిండుతుంది. వెన్నుపాము చాలా మెత్తన, జెల్ కూడా అంతే మెత్తగా ఉండాలి. తొందరగా కరిగితే పోగులకు ఊతం పోతుంది. అసలు కరగకపోతే అదే అడ్డు.

యాంకర్: 2021లో ఇలాంటి జెల్‌తో వెన్నుపాము గాయపడిన చిట్టెలుకలు నడిచాయి కదా?

పరిశోధకురాలు: అవును, అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ స్టుప్ బృందం పని. గాయమైన 24 గంటలకు ఒక్క ఇంజెక్షన్, నాలుగు వారాల్లో నడక. జెల్‌లోని అణువులు ఎంత చురుగ్గా కదిలితే ఫలితం అంత బాగుంది.

న్యూరోసర్జన్: ఆ వార్త చదివి పదేళ్ల పాత గాయాలవాళ్లు వస్తారు. వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. నిన్నటి గాయం వేరు, మచ్చ కట్టినది వేరు. మనిషిలో పోగు వెళ్లాల్సిన దూరమూ చాలా ఎక్కువ. హైడ్రోజెల్ కాని ఒక పాలిమర్ స్కాఫోల్డ్‌ను, అంటే గాయంలో ఊతంగా పెట్టే ప్లాస్టిక్ లాంటి చట్రాన్ని, మనుషుల్లో పరీక్షించారు. మొదటి అధ్యయనం ఆశ రేపింది. స్కాఫోల్డ్ పెట్టనివాళ్లతో పోల్చి చూస్తే, 2023లో ఆశించిన మేలు కనబడలేదు.

అతిథి (వీల్‌చెయిర్ వాడే వ్యక్తి): ఎప్పుడూ నడక గురించేనా మేడమ్? నాది మెడ గాయం. బొటనవేలు, చూపుడువేలు కలిస్తే చెంచా పట్టుకుంటాను. మూత్రం మీద అదుపు వస్తే రాత్రి నిద్రపోతాను. మీరు అవి కొలుస్తారా?

పరిశోధకురాలు: తక్కువండీ. ఎలుకలో నడక కొలవడం తేలిక, అందుకే అదే కొలుస్తూ వచ్చాం. అది మార్చాలి.

న్యూరోసర్జన్: ఈలోగా కీళ్లు బిగుసుకోకుండా చూసుకోవాలి. రేపు నరం దారి పట్టినా, బిగిసిన వేలు కదలదు.

అతిథి: మా అమ్మ రోజూ రెండుపూటలా నా వేళ్లు చాపి, ముడుస్తుంది సార్. ఇవి ఇంకా వంగుతున్నాయి, చూడండి.