లింకు వెంట పోతే పాఠం ఎక్కడికో: ఫోన్-ఇన్

యాంకర్: తిరుపతి నుంచి ఒక అమ్మాయి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. బైరాగిపట్టెడలో హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నా. చదివేదంతా ఫోన్లోనే. నిన్న పంచాయతీరాజ్ మొదలుపెట్టినా. పంచాయతీరాజ్‌ను సిఫారసు చేసిన బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1957 అని లింకు ఉంటే నొక్కినా. అందులో రాజస్థాన్‌లోని నాగౌర్ అని కనబడింది, అదీ నొక్కినా. అక్కడ పశువుల సంత, ఆ తర్వాత ఎద్దుల వీడియోలు... (నవ్వు) పంచాయతీల గురించి రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ దాకా రానే లేదు మేడమ్. నాకు నిలకడ లేదంటుంది మా అమ్మ.

నిపుణురాలు: ఎద్దుల ధరైనా తెలిసిందా? (నవ్వు) అమ్మ మాట పక్కన పెట్టు తల్లీ. నీలం అక్షరాల లింకు కనబడిన ప్రతిసారీ నొక్కాలా వద్దా అని మనసు తేల్చుకోవాలి. నొక్కకపోయినా ఆ తేల్చుకోవడానికే కొంత శ్రద్ధ పోతుంది. వాక్యం సగంలో ఉండగా ఇది జరిగితే మొదటి సగం జారిపోతుంది. నొక్కి, చూసి, వెనక్కి వచ్చినా మనసు కొంత అక్కడే ఉంటుంది. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే ఇలాగే అవుతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే చూపించారు.

కాలర్: అయితే లింకులే వద్దంటారా?

నిపుణురాలు: అట్లా ఎందుకంటాను? సబ్జెక్టు తెలిసినవాళ్లకు లింకు చాలా పనికొస్తుంది, ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలుసు కాబట్టి. తంటా అంతా కొత్తగా చదివేవాళ్లకే. బ్రౌజర్‌లో పాఠం మాత్రమే చూపించే రీడర్ మోడ్ పెడితే ప్రకటనలు, పక్కన వచ్చే వీడియోలు పోతాయి కానీ లింకులు అట్లాగే ఉంటాయి. అందుకే ముఖ్యమైన పాఠాలు ప్రింటు తీయించుకో. యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులకు కొదవా! 54 అధ్యయనాలను కలిపి 2018లో చూస్తే, సమాచారం ఉండే పాఠాలు కాగితం మీదే బాగా అర్థమయ్యాయి, టైం తక్కువ ఉన్నప్పుడు మరీను. కథలకు మాత్రం తేడా కనబడలేదు.

కాలర్: డౌటొస్తే? అప్పుడే చూడకపోతే మర్చిపోతాను మేడమ్.

నిపుణురాలు: మార్జిన్‌లో రాసిపెట్టు. ఊరికే 'నాగౌర్' అని కాదు, 'నాగౌర్‌లో పంచాయతీరాజ్ ఎప్పుడు మొదలైంది?' అని ప్రశ్నగా రాయి. 1959 అక్టోబర్ 2 అని దొరకగానే పని అయిపోతుంది, ఇక సంతకు పోవు. అదే ఏడాది మన రాష్ట్రంలోనూ మొదలైంది, పరీక్షకు అదీ కావాలి. పాఠం పూర్తయ్యాకే ఇవన్నీ ఒక్కసారిగా వెతుక్కో. అప్పటిదాకా ఫోన్ ట్రంకుపెట్టెలో.

కాలర్: అమ్మ ఫోన్ చేస్తే?

నిపుణురాలు: నోటిఫికేషన్లు ఆపు, కాల్స్ ఉంచు. పెట్టెలో ఉన్నా రింగు వినబడుతుందిలే.

యాంకర్: చిత్తూరు నుంచి ఇంకొకరు లైన్‌లో ఉన్నారు. సార్, టీవీ సౌండ్ కాస్త తగ్గిస్తారా?