అర్జీలో ‘దయతో’ అనే మాట

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వికలాంగుల సంఘాల గురించి మాట్లాడమని మీ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, ‘నాకు ఉపన్యాసాలు రావమ్మా, అర్జీలు రాయడం వచ్చు’ అన్నాను. ‘అయితే అర్జీల గురించే చెప్పండి సార్’ అన్నారు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ ఊళ్లో కలెక్టరాఫీసుకు కాస్త ఇవతల నాకో జిరాక్స్ షాపు ఉంది. అంతకుముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపాను. మీలో చాలామంది ఎస్టీడీ బూత్ చూసి ఉండరు. అద్దాల తలుపు, లోపల ఫోను, పైన ఎర్రంకెల మీటరు. వికలాంగులకు బతుకుతెరువుగా అప్పట్లో బూత్‌లు ఇచ్చేవాళ్లు. సెల్‌ఫోన్ వచ్చింది, మా అందరి బతుకుతెరువూ ఒకేసారి కట్ అయింది. నేను జిరాక్స్ మెషీన్ కొన్నాను. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు ‘అన్నా, అట్లే ఒక అర్జీ రాసీయవా’ అనేవాళ్లు. కొన్నాళ్లకు సోమవారం వస్తే, అంటే గ్రీవెన్స్ రోజున, షాపు ముందర జనం కూర్చోవడం మొదలైంది.

అప్పుడు నేను రాసిన అర్జీలన్నిటికీ ఒకటే అచ్చు. మొదట ‘గౌరవనీయులైన కలెక్టరు గారి దివ్య సముఖమునకు’. నడుమ ‘నేను పుట్టు వికలాంగుడను, కడు పేదవాడను, నాకు ఎవరూ దిక్కు లేరు, తమరు దయతో’. చివర కలెక్టరు గారి పిల్లాపాపలకు దీవెనలు. దిక్కులేదని రాయించుకున్నాయన పక్కనే పెళ్లాము, ఇద్దరు కొడుకులు నిలబడి ఉండేవాళ్లు. ఆయన్ను దిక్కులేనివాణ్ణి చేసింది నేనే. అట్లా రాయకపోతే పని జరగదని ఆయనా నమ్మాడు, నేనూ నమ్మాను.

ఒక సోమవారం కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె వచ్చింది. చూపు లేదు. రాసింది చదివి వినిపించమంది. చదువుతుంటే ‘దయతో’ దగ్గర ఆపింది. ‘దయ తీసేయన్నా, ఆ జాగాలో చట్టం పేరు రాయి’ అంది. ఏ చట్టం అని అడిగాను. ‘అయ్యో, నీ కాలుకు కూడా అదేనన్నా చట్టం’ అని నవ్వింది. నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. చంకకర్రతో నడుస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగి, జనానికి అర్జీలు రాసిపెట్టే మనిషిని, నా కోసం ఒక చట్టం ఉందని ఆమె చెప్తే తెలిసింది. ఆమెకెవరు చెప్పారు? వాళ్ల ఊరి సంఘం.

సంఘం అంటే ఏం చేస్తుంది అని మీరు అడిగితే, మూడు చక్రాల బండి ఇప్పిస్తుంది, పింఛను ఇప్పిస్తుంది అనే చాలామంది చెప్తారు. అవి కావాల్సినవే. కానీ బండిని దాత కూడా ఇస్తాడు. ‘దయతో’ అనే మాటను అర్జీలోంచి కొట్టేయించడం దాత వల్ల కాదు.

ఆమె చెప్పిన వికలాంగుల చట్టం 1995లో వచ్చింది. ఊరికే రాలేదు. ఢిల్లీలో జావేద్ అబిదీ అని వీల్‌చైర్ మీద తిరిగే మనిషి ఉండేవారు. ఆ డిసెంబరులో పార్లమెంటు సమావేశాలు ముగిసిపోతుంటే బిల్లు అట్లే మూలన పడేట్టు ఉంది. ఆయనతో పాటు వీల్‌చైర్లతో, కర్రలతో, చూపు లేనివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని రోడ్డెక్కారు. ఆ సమావేశాల్లోనే బిల్లు పాసైంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మూడు శాతం రిజర్వేషన్‌కు చట్టబలం దాంతోనే వచ్చింది. ఆ మరుసటి ఏడాది, వికలాంగులకు ఉద్యోగాల కోసం పనిచేసే ఎన్.సి.పి.ఇ.డి.పి. అనే సంస్థ మొదలైంది. అబిదీ దాన్ని ఏళ్ల తరబడి నడిపి, 2018లో కన్నుమూశారు.

ఆయన గురించి ఒక సంగతి నాకు బాగా ఇష్టం. 2001 జనవరిలో, వీల్‌చైర్‌లోనే ఉండే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. ఆయనకు కుతుబ్‌మినార్ లాంటివి చూడాలని ఉంది. అక్కడంతా మెట్లే. అబిదీ వాళ్లు పట్టుబట్టి చెక్కతో ర్యాంపులు వేయించారు. హాకింగ్ కోసం వేసిన చెక్క, మనవాళ్ల కోసం అన్నేళ్లూ ఎందుకు వేయలేదని ఎవరైనా అడగాలి కదా. ఆ అడిగే పనే సంఘానిది.

ఆ ఏడే జనాభా లెక్కలు. 1981 లెక్కల్లో వికలాంగుల గురించి అడిగారు, 1991లో ఆ ప్రశ్న తీసేశారు. పదేళ్లపాటు మనం లెక్కలో లేము. 2001 ఫారంలో కూడా లేకుండా పోయేది, సంఘాలు గొడవ చేసి పెట్టించాయి. అప్పుడు దేశంలో 2.19 కోట్ల మంది తేలారు, 2011లో 2.68 కోట్లు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువేనని నా అనుమానం. ఎందుకంటే మన ఇళ్లలో దాస్తాం. అక్కకు పెళ్లి కావాలంటే మతి సరిగా లేని తమ్ముణ్ణి లోపలింట్లో కూర్చోబెడతాం. ఎన్యూమరేటర్ వచ్చి అడిగితే ‘అట్లాంటోళ్లు మా ఇంట్లో యాడున్నారప్పా’ అంటాం. మళ్లీ జనగణన వస్తోంది. మీ ఇంటికొచ్చినప్పుడు మీరు ముందుకొచ్చి చెప్పండి.

మన జిల్లాకు వద్దాం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి ఆర్.డి.టి., అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, పెట్టిన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ సంస్థ ఊళ్లల్లో వికలాంగుల సంఘాలు పెట్టింది. బుక్కరాయసముద్రంలో చూపు లేని పిల్లలకు, వినపడని పిల్లలకు బడి నడుపుతోంది. ప్రభుత్వం వైపు నుంచి, పేద ఆడవాళ్ల పొదుపు సంఘాలతో నడిచిన ‘వెలుగు’ పథకం మొదట వచ్చిన ఆరు జిల్లాల్లో మనదొకటి. ఆ పొదుపు సంఘాల పక్కనే వికలాంగులకు వేరే సంఘాలు, మండల సమాఖ్యలు లేచాయి. మందకృష్ణ మాదిగ నడిపించిన వికలాంగుల హక్కుల పోరాట సమితి పింఛను కోసం పెద్ద పెద్ద సభలు పెట్టింది. ఒకరిది సేవ, ఒకరిది పొదుపు, ఒకరిది పోరాటం. వీళ్లకు ఒకరంటే ఒకరికి పెద్దగా గిట్టేది కాదు, ఆ గొడవలు ఇప్పుడు వద్దులెండి. కానీ ఊళ్లో ఒక చెట్టు కింద పదిమంది వికలాంగులు నెలకోసారి కూర్చోవడం అనేది వీళ్లంతా వచ్చాకే నేను చూశాను. అంతకుముందు ఊరికొక ‘కుంటోడు’, ఒక ‘గుడ్డామె’ ఉండేవాళ్లు. ఎవరి అరుగు మీద వాళ్లు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. వికలాంగులు అన్నారు, 2015 నుంచి దివ్యాంగులు అంటున్నారు, మా శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు అని రాశారు. నాకైతే నవ్వొస్తుంది. కలెక్టరు గారి సముఖమూ దివ్యమే, మా అంగాలూ దివ్యమే, మధ్యలో మెట్లు మాత్రం మామూలు సిమెంటువి. మా సంఘంలో దివ్యాంగులు అంటేనే గౌరవంగా ఉందనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నేను వాదించను. నన్ను వికలాంగుడు అంటే చాలు. ‘రేయ్ కుంటోడా’ అని నలుగురిలో కావాలని అవమానిస్తే మాత్రం 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

ఆ 2016 చట్టం గురించి కాస్త చెప్పాలి. మన దేశం 2007లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద సంతకం చేసి ఆమోదించింది కాబట్టి పాత చట్టం మార్చక తప్పలేదు. పాతదాంట్లో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, కొత్తదాంట్లో 21. ఆటిజం, తలసేమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, పొట్టిగా ఉండిపోయినవాళ్లు, అక్షరాలు తారుమారై చదవలేకపోయే పిల్లలు, అందరూ వచ్చారు. రిజర్వేషన్ నాలుగు శాతమైంది. కాగితం మీద ఇదంతా బాగుంది. నా షాపు దగ్గర మాత్రం ఇప్పటికీ తొంభై శాతం అర్జీలు ఒక్కదాని గురించే: వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్.

సదరం శాతమే మా జాతకం. 40 వస్తే మనిషి, 39 వస్తే కాదు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలైంది. మంచంలోనే ఉండేవాళ్లకు 15 వేలు. ఇది చిన్న సంగతి కాదు. ఆరు వేలు తెచ్చే కొడుకును ఇంట్లో ‘అన్నం తిన్నావా నాయనా’ అని అడుగుతారు. అంతకుముందు అడగలేదని కాదు, ఇప్పుడు కాస్త ముందుగా అడుగుతారు. కానీ డబ్బు పెరిగేకొద్దీ అనుమానమూ పెరిగింది. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, కాదనను. వాటి కోసం మళ్లీ పరీక్షలు అన్నప్పుడు, రెండు కాళ్లూ లేనాయన కూడా ఆటో మాట్లాడుకుని వచ్చి, ఇంకా మొలవలేదని నిరూపించుకోవాల్సి వచ్చింది. సదరం పరీక్షకు స్లాట్ ఇప్పిస్తామని డబ్బులు తీసుకునే మధ్యవర్తులూ తయారయ్యారు. అందులో మా సంఘాల్లో పనిచేసినవాళ్లూ ఉన్నారు. సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

సంఘాల తప్పులు ఇంకా ఉన్నాయి. చాలా సంఘాల్లో నాయకులు నాలాంటివాళ్లే. మగవాళ్లు, పోలియో వచ్చినవాళ్లు, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లు. మైకు దొరికితే గట్టిగా మాట్లాడగలం. వినపడనివాళ్లను మీటింగుకు పిలుస్తాం, సైగల్లో చెప్పే మనిషిని పిలవం. వాళ్లు వచ్చి మా పెదాలు కదలడం చూసి, టీ తాగి, సంతకం పెట్టి పోతారు. మా పోలియో తరం అయిపోతోంది. దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో నాలాంటి కాలు దాదాపు లేదు. చాలా సంతోషం. ఇప్పుడు వచ్చేవాళ్లు మెదడు పక్షవాతం ఉన్న పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు. వాళ్ల తరఫున మాట్లాడేది తల్లులు.

మొన్న అట్లాంటి తల్లి ఒకామె వచ్చింది. కొడుక్కి 20 ఏళ్లు, మాట రాదు, బుద్ధి మూడేళ్ల పిల్లాడిది. ఒక బ్యాంకులో ‘అబ్బాయి మేజరు, సంతకం ఆయనే పెట్టాలి’ అన్నారంట. ‘అన్నా, వీనికి నేనే అన్నం తినిపిస్తా, నేనే కడుగుతా, నేను వీని అమ్మను కాదని వాళ్లెట్లా అంటారు?’ అని అడిగింది. నేను 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం గురించి చెప్పాను. మెదడు పక్షవాతం, బుద్ధిమాంద్యం, ఆటిజం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు, 18 ఏళ్లు నిండాక సంరక్షకులను నియమించడానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. ఆ కమిటీకే అర్జీ రాశాం. రాసి మడిచి ఇస్తుంటే ఆమె ఇంకోటి అడిగింది. ‘నేను పోయినంక వీన్ని ఎవరు చూస్తారన్నా?’

ఇన్నేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. దానికి ఏ అడ్రసు రాయాలో నాకు తెలియలేదు. ఆమె లాంటి తల్లులు ఆరుగురు ఇప్పుడు రెండో శనివారం కలుస్తున్నారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు ఆ పిల్లాణ్ణి రెండు రోజులు పెట్టుకుంటున్నారు. దానికి పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. నా లెక్కలో అదీ సంఘమే.

వలస సంగతి కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి. చెనిక్కాయ పంట పోతే బెంగుళూరు బస్సెక్కే జిల్లా మనది. నడవలేని బిడ్డను జేజి దగ్గర వదిలి పోతారు. ఇంకోవైపు, అక్కడ సెంట్రింగ్ మీద నుంచి పడి నడుము విరిగి ఇంటికొచ్చే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లు మా సంఘానికి రారు. ‘నేను మీలాంటోణ్ణి కాదు, బాగైపోతా’ అంటారు. రెండేళ్లు పడుతుంది వాళ్లు రావడానికి.

ఇందాక వేదిక మీదికి రమ్మన్నారు. మూడు మెట్లున్నాయి, నేను కిందే కూర్చుంటానన్నాను. నలుగురు పిల్లలు కుర్చీతో సహా ఎత్తుతామని వచ్చారు. మంచి పిల్లలు, వాళ్లను తప్పుపట్టను. కానీ నాకు ఎత్తించుకోవడం ఇష్టం లేదు. ర్యాంపుకు ఒక లెక్కుంది: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఈ మూడు మెట్లు అడుగున్నర ఉంటాయి, అంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. చాలా ఆఫీసుల్లో ఐదడుగుల్లో ముగించి ఫోటో తీసుకుంటారు. దాని మీద వీల్‌చైర్ పెడితే వెనక్కి దొర్లుతుంది. ఆ ర్యాంపుల మీద బైకులు మాత్రం బాగా ఎక్కుతాయి.

జనం వాడే పాత భవనాలన్నీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో మార్చాలని 2016 చట్టంలో ఉంది. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022లో దాటిపోయింది. రాజీవ్ రతూరి అని చూపు లేనాయన 2005లోనే ఈ విషయం మీద సుప్రీంకోర్టుకు పోయారు. 2017లో ఒక తీర్పు, 2024 నవంబరులో ఇంకో తీర్పు వచ్చాయి. ర్యాంపుల్లాంటి వాటికి పెట్టిన ప్రమాణాలు సలహాల్లాగా ఉంటే చెల్లదు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు చేయండి అని ఈ రెండోదాంట్లో కోర్టు కేంద్రానికి చెప్పింది. నా అర్జీకి మూడు నెలల్లో జవాబు రాకపోతే నేను చిరాకు పడతాను. ఆయన 19 ఏళ్లు ఆగారు.

మీ మేడమ్ ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏం సాయం చేయగలరు అని అడిగారు. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవమని మాకు పండ్లు పంచకండి. నాకు షుగరు. ఈ ఊళ్లో ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు, మీ కాలేజీ కలిపి ఒక ముప్పై ర్యాంపులు కొలుద్దాం. ఎత్తు ఎంత, పొడవు ఎంత, పట్టుకునే కడ్డీ ఉందా, పైకి పోతే తలుపుకు తాళం ఉందా, ఇంతే. ఒక్కోదానికి ఒక్కో అర్జీ నేను రాస్తాను, సెక్షన్ నంబరుతో. వచ్చే సోమవారం పొద్దున పదింటికి నా షాపు దగ్గరికి రండి. టేపు నా దగ్గర ఉంది. వంగి కొలిచేవాళ్లు కావాలి.