మూడు నెలలు మాయమైపోయి తిరిగొస్తే ఏమీ అనని ఎమ్మెమ్మో ఏది?

నమస్తే అందరికీ. పక్కింట్లో టైల్స్ పని జరుగుతోంది, మధ్యలో గుర్రుమని మెషిన్ సౌండ్ వస్తే కాస్త సర్దుకుపోండి. పోయిన వీడియో కింద "అన్నా, ఏ ఎమ్మెమ్మో మొదలుపెట్టాలో ఒక్కటే చెప్పు" అని అడిగినవాళ్లే ఎక్కువమంది. ఎమ్మెమ్మో అంటే వేలమంది ఇంటర్నెట్‌లో ఒకే ప్రపంచంలో కలిసి ఆడే గేమ్. ఒక్కటే చెప్పడం నా వల్ల కాదు గానీ, నేను ఎలా ఎంచుకుంటానో చెప్తా, తర్వాత మీ ఇష్టం.

గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్రలు) ఎన్ని, డ్రాగన్ ఎంత పెద్దది, ఇవన్నీ ట్రైలర్ చూస్తే తెలిసిపోతాయి. నేను మాత్రం ఈ మధ్య ఏ ఎమ్మెమ్మోనైనా ఒక్క ప్రశ్నతో చూస్తున్నా. మూడు నెలలు నేను అస్సలు లాగిన్ కాకుండా ఉండి తిరిగొస్తే, ఈ గేమ్ నన్ను ఎలా చూస్తుంది? ఎందుకంటే మాయమైపోతాం, అది ఖాయం. సెమిస్టర్ పరీక్షలుంటాయి, ఆఫీసులో రిలీజ్ ఉంటుంది, చెల్లి పెళ్లి ఉంటుంది, పెళ్లయ్యాక దాని తాలూకు లెక్కలుంటాయి. ఇంతా అయ్యాక ఒక రాత్రి గేమ్ ఓపెన్ చేస్తే, నువ్వు కష్టపడి సంపాదించిన కత్తి ఇప్పుడు చిత్తుకాగితంతో సమానం అని చెప్తే ఎలా ఉంటుంది? నాకు రెండుసార్లు అలా అయింది. అప్పటి నుంచి ఈ పరీక్ష పెట్టుకున్నా.

దానికంటే ముందు మన ప్రాంతీయ తలనొప్పి, పింగ్. అంటే మీరు నొక్కింది సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం, మిల్లీసెకన్లలో. పెద్ద ఎమ్మెమ్మోల సర్వర్లు ఎక్కువ భాగం అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటాయి. హైదరాబాద్‌లో మా ఇంటి కనెక్షన్ మీద సింగపూర్‌కి 70 లోపు వస్తుంది, యూరప్‌కి 150 అటూ ఇటూ, అమెరికాకి 250 దాటుతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించుకుంటే పింగ్ తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. మీరు వెడల్పు పెంచారు, అమెరికా మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

పింగ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ గడియారం గురించి ఎవరూ మాట్లాడరు. యూరప్ గిల్డ్ వాళ్లు, అంటే అక్కడి ప్లేయర్ల జట్టు, రాత్రి 8కి రెయిడ్ పెట్టుకుంటే, అంటే పెద్ద బాస్‌ను కలిసి కొట్టాలనుకుంటే, మనకు చలికాలంలో 12:30, ఎండాకాలంలో 11:30. అమెరికా తూర్పు తీరం గిల్డ్ అయితే వాళ్ల రాత్రి 8 మనకు తెల్లారి 5:30 లేదా 6:30. పాలవాడు బెల్ కొట్టే టైమ్‌లో మీరు హెడ్‌సెట్ పెట్టుకుని "హీల్, హీల్" అని అరుస్తుంటారు. పోనీ సింగపూర్ వాళ్లతో ఆడదామంటే వాళ్ల 8 మనకు సాయంత్రం 5:30, అప్పటికి ఆఫీసులోంచి బయటపడితే గొప్ప.

సరే, గేముల్లోకి వద్దాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌తో మొదలుపెడతా, ఎందుకంటే దీన్ని పక్కనపెట్టి ఎమ్మెమ్మోల గురించి మాట్లాడితే కామెంట్లలో నన్ను బతకనివ్వరు. 2004 నవంబరు 23న వచ్చింది. 2010లో కోటీ 20 లక్షల మంది సబ్‌స్క్రైబర్లు ఉండేవాళ్లు. ఇన్నేళ్లయినా బటన్ నొక్కగానే క్యారెక్టర్ కదిలే తీరు, ఆ స్పందన, వేరే ఏ ఎమ్మెమ్మోలోనూ నాకు దొరకలేదు. రెయిడ్ బాస్‌లను తయారు చేయడంలో వాళ్ల పనితనం వేరు. ఐదుగురు కలిసి టైమర్ పెట్టుకుని డంజన్ (శత్రువులతో నిండిన గుహ లాంటి చోటు) పూర్తిచేసే మిథిక్ ప్లస్ ఉంది చూడండి, అది ఒకసారి అంటుకుంటే వదలదు. కానీ నా మూడు నెలల పరీక్షలో ఇది తప్పుతుంది, డౌటే లేదు. సీజన్ మారిందంటే పాత గేర్, అంటే ఆయుధాలు, కవచాల పని అయిపోయినట్టే. గేమ్ మీకు పట్టుకునే దారులు ఇస్తుంది, అది నిజం, కొన్ని వారాల్లో మళ్లీ ఓ మాదిరి స్థాయికి వస్తారు. ఈలోపు మీ గిల్డ్ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది, మీ ప్లేస్‌లో ఇంకొక హీలర్ (జట్టు ప్రాణాలు కాపాడేవాడు) వచ్చి ఉంటాడు, వాడు మీకంటే మంచోడు కూడా అయ్యుంటాడు. వారానికి రెండు రాత్రులు ఖాయంగా ఇవ్వగలిగితే, మీతో నలుగురు ఫ్రెండ్స్ ఉంటే, దీన్ని మించింది లేదు. ఒంటరిగా, తీరిక దొరికినప్పుడు ఆడతానంటే నెలకు 14.99 డాలర్లు దండగ. లెవెల్ 20 వరకు ఫ్రీ, ముందు అది ఆడి చూడండి.

ఒక చిన్న మాట, 2023 ఆగస్టులో వీళ్లు వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్‌లో హార్డ్‌కోర్ సర్వర్లు పెట్టారు, ఒకసారి చస్తే క్యారెక్టర్ కథ అంతే. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో, ఇన్వర్టర్‌కి రౌటర్ కలపకుండా దాన్ని మొదలుపెట్టేవాడి ధైర్యానికి నా దండం.

ఫైనల్ ఫాంటసీ 14. దీని కథ గేమ్ కథ కంటే ఆసక్తిగా ఉంటుంది. 2010లో మొదటిసారి విడుదలై ఘోరంగా తేలిపోయింది. కంపెనీ మూసేయకుండా నవోకి యోషిదా అనే ఆయన చేతికి ఇచ్చింది, ఆయన టీమ్ మొత్తం మళ్లీ కట్టి 2013 ఆగస్టులో కొత్తగా తెచ్చింది. 2021 డిసెంబరు వచ్చేసరికి జనం ఎంత ఎగబడ్డారంటే సర్వర్లు తట్టుకోలేక కొన్నాళ్లు అమ్మకాలే ఆపేశారు. డబ్బులిస్తామంటే వద్దన్న గేమ్ కంపెనీని మీరు ఇంకెక్కడ చూశారు?

ఫ్రీ ట్రయల్ లెవెల్ 70 దాకా వస్తుంది, మొదటి గేమ్‌తో పాటు రెండు ఎక్స్‌పాన్షన్లు (తర్వాత వచ్చిన అదనపు భాగాలు) అందులోనే, టైమ్ లిమిట్ లేదు. కొన్ని వందల గంటలు పైసా ఖర్చు లేకుండా. మార్కెట్ బోర్డు (గేమ్‌లోని బజారు) వాడలేరు, 3 లక్షల గిల్ (గేమ్ డబ్బు) కంటే ఎక్కువ ఉంచుకోలేరు, ఇలాంటి పరిమితులు కొన్ని ఉంటాయి. కానీ ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఒకసారి కొన్నారంటే ఆ అకౌంట్ మళ్లీ ఫ్రీ ట్రయల్‌కి వెళ్లదు. ఇంకోటి, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొంటే తర్వాతి ఎక్స్‌పాన్షన్లు కూడా స్టీమ్‌లోనే కొనాలి. ఈ రెండూ తెలియక తొందరపడి కొనేసి, ఆఫర్ వేరేచోట కనిపించినప్పుడు తల పట్టుకున్నవాళ్లను చూశా.

ఇందులో మొదటి యాభై గంటలు నిజంగా సీరియల్ లాగే సాగుతుంది. ఈ ఊరినుంచి ఆ ఊరికి వెళ్లి ఒకాయనతో మాట్లాడు, మళ్లీ వచ్చి ఈవిడతో చెప్పు. ఓపిక ఉంటే హెవెన్స్‌వర్డ్ అనే మొదటి ఎక్స్‌పాన్షన్ నుంచి కథ పట్టుకుంటుంది, అక్కడ ఒకచోట నేను రాత్రి రెండింటికి కళ్లు తుడుచుకున్నా, ఎవరికీ చెప్పొద్దు. డైలాగులు చదివే అలవాటు లేకపోతే దీని జోలికి వెళ్లకండి, మధ్యలో వదిలేస్తారు. మనకు పనికొచ్చేది ఇంకోటి, మెయిన్ కథలో తప్పనిసరి డంజన్లను కంప్యూటర్ నడిపే తోడుగాళ్లతోనే ఆడుకోవచ్చు, అర్ధరాత్రి మనుషుల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇక పింగ్ సంగతికొస్తే, ప్రధాన దాడికీ దాడికీ మధ్య 2.5 సెకన్ల గ్యాప్ ఉంటుంది కాబట్టి కొత్తలో ఏ ఇబ్బందీ తెలియదు. పైస్థాయికి వెళ్లాక ఆ గ్యాప్‌లో రెండు చిన్న స్కిల్స్ దూర్చాలి, అప్పుడు 200 పింగ్ అడ్డం పడుతుంది. మూడు నెలల పరీక్షలో? కథ మీరు ఆపినచోటే ఉంటుంది. విరామం తీసుకోండి, వేరే గేములు కూడా ఆడుకోండి అని యోషిదానే బహిరంగంగా చెప్తుంటాడు. ఒక్క మెలిక, గేమ్‌లో ఇల్లు కొనుక్కుని 45 రోజులు ఆ ఇంట్లో అడుగుపెట్టకపోతే కూల్చేస్తారు. నోటీసు మాత్రం ముందే పంపుతారు లెండి.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు రెండు గేములు చెప్తా. ముందే ఒక మాట, ఆటో బటన్ నొక్కితే క్యారెక్టర్ తనంతట తనే పరిగెత్తి తనే కొట్టేసి తనే లెవెల్ ఎక్కే మొబైల్ గేములు ఈ వీడియోలో లేవు. అందులో ఆడేది వాడు, ఛార్జింగ్ పెట్టేది మనం.

మొదటిది ఆల్బియన్ ఆన్‌లైన్. బెర్లిన్ కంపెనీది, 2017లో వచ్చింది, 2019లో ఫ్రీ అయింది, 2021లో ఫోన్లకొచ్చింది. పీసీలో, ఫోన్‌లో అదే అకౌంట్, అదే ప్రపంచం. 2023లో ఆసియా సర్వర్ పెట్టాక మనకు పింగ్ బాధ దాదాపు తీరింది. ఇందులో క్లాసులంటూ ఉండవు, ఏ ఆయుధం పట్టుకుంటే అది మీరు. వాడే సామాను దాదాపు అంతా ఎవడో ఒక ప్లేయర్ తయారుచేసి అమ్మిందే. ఇక్కడే నాకు తగిలింది దెబ్బ. మ్యాప్ నడిమధ్యలో కేర్లియన్ అని ఊరుంది, అక్కడి బ్లాక్ మార్కెట్‌లో సరుకుకు మిగతా ఊళ్లకంటే మంచి రేటు పలుకుతుంటుంది. కానీ దారి పొడుగునా ఎర్ర జోన్లు, చంపితే ఒంటిమీదున్నది, మూటలో ఉన్నది మొత్తం ఊడ్చుకుపోతారు. నేను రెండు వారాలు రాయి కొట్టి, కట్టె కొట్టి, కవచాలు చేసి, అన్నీ ఒక బరువులు మోసే ఎద్దు మీద వేసుకుని బయల్దేరా. గుర్రం తీసుకుని నాలుగు ట్రిప్పులు వేయొచ్చుగా? లేదు, ఒకేసారి మోసేద్దామని ఆశ. ఎద్దు నడక మీకు తెలిసిందే. రెండో జోన్‌లో ముగ్గురొచ్చారు. పది సెకన్లు కూడా పట్టలేదు. అందులో ఒకడు పోతూ పోతూ చాట్‌లో "నైస్ కౌ" అని పెట్టాడు.

అది ఆవు కాదురా, ఎద్దు.

కోపంతో వారం రోజులు తెరవలేదు. తర్వాత ఆలోచిస్తే, ఇన్నేళ్లలో వేరే ఏ గేమ్‌లోనూ ఒక రోడ్డు మీద నడుస్తుంటే అంత టెన్షన్ పడలేదు, చెయ్యి వణకలేదు. దానికోసమే ఆడేవాళ్లు ఉన్నారు. పోగొట్టుకున్నదాన్ని తలుచుకుని రాత్రంతా నిద్రపట్టని రకమైతే పసుపు జోన్ దాటకండి. అక్కడ ఓడినా మీ సామాను మీ దగ్గరే ఉంటుంది. మూడు నెలల తర్వాత వచ్చినా బ్యాంకులో పెట్టింది బ్యాంకులోనే ఉంటుంది, ధరలు మాత్రం మారిపోయి ఉంటాయి, నిజం బజారు లాగే.

రెండోది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. స్క్రీన్‌షాట్ చూసి నవ్వకండి. 2007 నాటి బ్యాకప్‌ను తవ్వి తీసి 2013లో మళ్లీ పెట్టిన గేమ్ ఇది, జనం అడిగారని. కొత్తగా ఏది చేర్చాలన్నా ప్లేయర్లతో ఓటింగ్ పెడతారు. గేమ్ మొత్తం 0.6 సెకన్ల గంట మీద నడుస్తుంది, మీరు ఎప్పుడు నొక్కినా పని జరిగేది ఆ గంట కొట్టినప్పుడే. అందుకే మన 150 పింగ్ ఇందులో చాలావరకు తెలియదు. మెట్రోలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు చెట్టు కొడుతూ వెళ్లిపోవచ్చు. కానీ ఇది ఓపిక గేమ్, మామూలు ఓపిక కాదు. ఒక స్కిల్ 99కి చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి, ఆ లెక్కలో సగం దూరం వచ్చేది లెవెల్ 92 దగ్గర. 92కి వచ్చి, ఇక ఏడేగా అనుకున్నవాడి మొహం చూడాలి. వదిలేసి వస్తే? ఏడాది తర్వాత వచ్చినా మీ 92 మీకు 92గానే ఉంటుంది.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. 2016 నుంచి ఏ ఊరికైనా ఏ లెవెల్‌లోనైనా వెళ్లొచ్చు, గేర్ లెవెల్ కూడా అప్పటి నుంచి పెరగలేదు, ఒంటరిగా క్వెస్టులు చేసుకునేవాళ్లకు బాగుంటుంది. నాకు మాత్రం సబ్‌స్క్రిప్షన్ తీసుకోకపోతే సంచి నిండిపోవడం అన్నది విసుగు. న్యూ వరల్డ్ అడుగుతున్నారు, వద్దు. 2021లో గొప్పగా మొదలైంది, 2025 అక్టోబరులో ఇక కొత్త కంటెంట్ రాదని అమెజాన్ చెప్పేసింది. 

డబ్బు కట్టేటప్పుడు ఒకటి చూసుకోండి. చాలా కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్‌లో ఉంటాయి, యాప్‌లో మీరే ఆన్ చేయాలి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ ఆటో డెబిట్ నిబంధనలు మారాక నెలనెలా కట్ అయ్యే విదేశీ సబ్‌స్క్రిప్షన్లు కొన్ని కార్డుల మీద నడవడం లేదు. ఎన్నిసార్లు ఫెయిల్ అయినా అదే కార్డు కొట్టుకుంటూ కూర్చోవద్దు.

ఇక నేను ప్రస్తుతం ఆడుతున్నది, గిల్డ్ వార్స్ 2. 2012 ఆగస్టులో వచ్చినప్పుడు లెవెల్ క్యాప్ (గరిష్ఠ లెవెల్) 80, ఇవాళ కూడా 80. అదే ఏడాది చివర్లో అసెండెడ్ అని ఒక గేర్ తెచ్చారు, స్టాట్స్ లెక్కలో ఈ రోజుకీ దాన్ని మించింది లేదు. అంటే పదేళ్ల కిందట కుట్టించుకున్న చొక్కా ఇప్పటికీ సరిపోతోంది. నెల ఫీజు లేదు, బేస్ గేమ్ 2015 నుంచి ఫ్రీ, మీరు కొట్టే గని రాయిని పక్కవాడు లాక్కోలేడు, ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. మౌంట్లు, అంటే ఎక్కి తిరిగే జంతువులు, అద్భుతం, ఒకటి ఎగురుతుంది, ఒకటి ఎత్తుకు దూకుతుంది, ఒక్కోదాని బరువు చేతికి తెలుస్తుంది, కానీ వాటికి ఎక్స్‌పాన్షన్ కొనాలి. లోపాలు లేవా అంటే ఉన్నాయి. 80 వచ్చాక ఏం చేయాలో ఎవడూ చెప్పడు, మెనూలు గందరగోళం, కథ నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఎదుగుతున్నామన్న కిక్ కావాలంటే ఇది చప్పగా ఉంటుంది.

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు, కొడుక్కి ఎనిమిది నెలలు. ఇద్దరం కలిసి ఆడాలని మూడేళ్లుగా అనుకోవడమే తప్ప టైమ్ కుదరలేదు. ఈ గేమ్‌లో టెక్వాటిల్ అని సముద్రంలోంచి లేచే చచ్చిన డ్రాగన్ ఒకటి రోజూ మన టైమ్ ప్రకారం రాత్రి 9:30కి వస్తుంది. ఎండాకాలంలో అది బావకు సరిగ్గా మధ్యాహ్నం 12. శనివారం ఇద్దరం ఉత్తర అమెరికా సర్వర్‌లో కలుస్తాం. 250 పింగ్ కదా అంటారా, అక్కడ యాభై మంది కలిసి కొడుతుంటే నా ఒక్కడి ఆలస్యం ఎవడికి కావాలి. డ్రాగన్ అల పంపినప్పుడు ఎగరాలి, నేను కాస్త ముందే ఎగరడం నేర్చుకున్నా. పోయిన శనివారం సగంలో పిల్లాడు లేచాడు, బావ క్యారెక్టర్‌ని టర్రెట్ వెనక నిలబెట్టి పాలు వెచ్చబెట్టడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి డ్రాగన్ చచ్చింది, మొదట్లో కొట్టాడు కాబట్టి పెట్టె వాడికీ వచ్చింది. అందులో నాకంటే మంచి కత్తి కూడా వచ్చింది, అది మాత్రం నేను ఇంకా మర్చిపోలేదు.