గేర్‌బాక్సు మార్చే ముందు కొలవాల్సినవి

అందరికీ నమస్కారం. పాత పికప్ ట్రక్కులో మాన్యువల్ గేర్‌బాక్సు మార్చడం గురించి మాట్లాడమన్నారు. ఈ పనికి దిగేవాళ్ల ధ్యాసంతా ఏ గేర్‌బాక్సు కొనాలన్న దాని మీదే ఉంటుంది. అది ఇంజనుతో ఎలా కలవాలన్న ఆలోచన బోల్టులు బిగించే రోజు దాకా రాదు. నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ కలయిక గురించే.

ముందు అసలు ఎందుకు మారుస్తామో చూద్దాం. 1968 నుంచి 1991 దాకా షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో మన్సీ ఎస్‌ఎం465 అనే నాలుగు గేర్ల పెట్టె వచ్చేది. పోత ఇనుముతో చేసింది, మహా గట్టిది. మొదటి గేరు నిష్పత్తి 6.55, అంటే ఇంజను 6.55 చుట్లు తిరిగితే పెట్టె వెనక ఒక చుట్టు వస్తుంది. నాలుగోది సరిగ్గా 1. ఫోర్డులో వచ్చిన టీ-18కి మొదటి గేరు 6.32. నిండా బరువుతో ఎత్తు ఎక్కడానికే ఆ మొదటి గేరు. ఖాళీ బండిని రెండో గేరులోనే కదిలించేవారు. పొలం పనికి ఇంతకన్నా మంచి పెట్టె లేదు. హైవే ఎక్కితేనే చిక్కు.

లెక్క చూడండి. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73 (ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 చుట్లకు చక్రం ఒక చుట్టు), టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకుందాం. గంటకు 65 మైళ్ల వేగంలో నాలుగో గేరులో ఇంజను నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. అదే బండికి ఎన్‌వీ3500 లాంటి అయిదు గేర్ల పెట్టె పెడితే, అయిదో గేరు 0.73 కాబట్టి దాదాపు 2,100కి దిగుతుంది. ఎనిమిది వందల చుట్లు తగ్గితే క్యాబిన్‌లో మాట వినబడుతుంది, ఇంజనూ తేలిగ్గా నడుస్తుంది.

అయితే ఇదే పెట్టెను 3.08 యాక్సిల్ ఉన్న బండికి పెడితే? అదే వేగంలో చుట్లు 1,750 దగ్గరికి పడిపోతాయి. కొంచెం ఎత్తు వచ్చినా ఇంజను మూలుగుతుంది, ఆ అయిదో గేరు వాడేదే ఉండదు. కింది గేర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఎస్‌ఎం465 మొదటి గేరును 3.73తో గుణిస్తే 24 పైన వస్తుంది. మొదటి గేరు 2.95 ఉన్న టీ-5 అనే అయిదు గేర్ల పెట్టెను 3.08 యాక్సిల్‌తో కలిపితే 9 మాత్రమే. బరువుతో కదలాలంటే క్లచ్చును కాల్చుకుంటూ కదలాలి. బరువులు లాగే బండికి టీ-5 పెట్టమని నేను ఎవరికీ చెప్పను. అందుకే గేర్‌బాక్సునూ యాక్సిల్‌నూ ఒకే లెక్కలో పెట్టి చూడండి.

ఆటోమేటిక్ బండిని మాన్యువల్‌గా మారుస్తుంటే మొదట క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర చూడాలి. అక్కడ పైలట్ బుష్, అంటే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొనను పట్టుకునే చిన్న బుష్, కూర్చోవాలి. ఆటోమేటిక్ కోసం చేసిన కొన్ని క్రాంకుల్లో ఆ రంధ్రాన్ని పూర్తి కొలతకు తొలవలేదు. షెవర్లే స్మాల్ బ్లాక్ ఇంజను అయితే 1986లో క్రాంకు వెనక ఆయిల్ సీలు రెండు ముక్కల నుంచి ఒక ముక్కకు మారింది, దాంతో క్రాంకు వెనక బిగించే బరువైన చక్రం, ఫ్లైవీలూ మారింది. ఫ్లైవీల్ పళ్లు 153 అయినా, 168 అయినా స్టార్టర్ దానికి తగినదే ఉండాలి.

ఇక బెల్ హౌసింగ్, అంటే ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే గంట ఆకారపు కేసు. దాని వెనక ఉన్న గుండ్రటి రంధ్రంలో గేర్‌బాక్సు ముందు బేరింగ్ రిటైనర్ కూర్చుంటుంది. ఆ రంధ్రం కేంద్రమూ, క్రాంకు కేంద్రమూ ఒకే గీత మీద ఉండాలి. చాలామంది ఇది కంపెనీలోనే సరిచూసి ఉంటుందని నమ్మేస్తారు. ఆ ఇంజనుకు ఆ బెల్ హౌసింగే మొదటి నుంచీ ఉంటే నమ్మొచ్చేమో. మనం ఒక బండి ఇంజనుకు ఇంకో బండి బెల్ హౌసింగ్ బిగిస్తాం. అప్పుడు కొలవక తప్పదు.

డయల్ గేజ్‌ను అయస్కాంతం బేస్‌తో ఫ్లైవీల్‌కు అంటించి, సూది కొనను ఆ రంధ్రం లోపలి అంచుకు తాకించండి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంకును చేత్తో ఒక పూర్తి చుట్టు నిదానంగా తిప్పండి. అతి ఎక్కువకూ అతి తక్కువకూ ఉన్న తేడా అంగుళంలో వెయ్యో వంతులు అయిదు దాటకూడదు. దాటితే బెల్ హౌసింగ్‌ను సరైన చోట నిలిపే, ఇంజను బ్లాకుకున్న డోవెల్ పిన్నులు తీసి, కేంద్రం పక్కకు జరిగి ఉండే ఆఫ్‌సెట్ డోవెల్స్ వేయాలి. ఇవి 0.007, 0.014, 0.021 అంగుళాల్లో దొరుకుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది: గేజ్ చూపించే తేడాలో సగమే అసలు జరుగు. 0.014 చూపిస్తే 0.007 డోవెల్ వేయాలి. వేశాక మళ్లీ కొలవండి. రంధ్రాన్నే కాదు, గేర్‌బాక్సు ఆనుకునే ముఖాన్ని కూడా ఇలాగే చూడాలి.

ఈ కొలత వదిలేస్తే ఏమవుతుంది? పైలట్ బుష్ ఒక పక్కకు అరిగిపోతుంది. గేరు పట్టేస్తుంది, లేదా దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తుంది. ఇన్‌పుట్ బేరింగ్ గోల మొదలవుతుంది. అప్పుడు నింద గేర్‌బాక్సు మీద పడుతుంది. దాన్ని విప్పుతారు, కొత్త బేరింగులు వేస్తారు, అదే వంకర బెల్ హౌసింగ్‌కు మళ్లీ బిగిస్తారు. పాడు చేస్తున్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఎక్కించేటప్పుడు ట్రాన్స్‌మిషన్ జాకీ వాడండి. బండి గట్టి స్టాండ్ల మీద ఉండాలి. గేర్‌బాక్సు బరువును క్లచ్ ప్లేటు మీద వేలాడనివ్వకండి, ప్లేటు హబ్బు వంగుతుంది. చివరి అర అంగుళం లోపలికి పోవడం లేదని బోల్టులతో లాగకండి. లాగితే కేసు చెవులు విరుగుతాయి. వెనక్కి తీసి, ప్లేటు మధ్యలో ఉందో లేదో చూడండి. పాత క్లచ్ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని గాలితో ఊదకండి.

హైడ్రాలిక్ క్లచ్‌కు మారుస్తుంటే, మాస్టర్ సిలిండర్ బిగించే చోట ఫైర్‌వాల్‌కు మందపాటి ప్లేటు వేయండి. పాత ట్రక్కుల రేకు పెడల్ తొక్కినప్పుడల్లా వంగుతుంది, ఆ మేరకు క్లచ్ వదలదు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవును చక్రాలు నేల మీద ఉండగానే కొలవండి. గేర్‌బాక్సు గీతా, వెనక యాక్సిల్‌లోని పినియన్ గీతా సమాంతరంగా ఉండాలి. ఆయిల్ విషయంలో ఆ పెట్టె తయారీదారు చెప్పిందే పోయండి. గేరు మారేటప్పుడు వేగాలను కలిపే సింక్రో రింగులు ఇత్తడివైతే, ఆ పెట్టెలో చేతికందిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయొద్దు.

ఆటోమేటిక్ తీసేసినవాళ్లకు ఇంకో మాట. సెలెక్టర్ దగ్గరుండే స్టార్టింగ్ సేఫ్టీ స్విచ్ వైర్లను ఊరికే కలిపేయకండి. గేరులో ఉండగా తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది, ఎదురుగా మనిషి ఉండొచ్చు. ఆ వైర్లను క్లచ్ పెడల్ దగ్గర స్విచ్‌కు కలపండి.

డయల్ గేజ్, ఒక బెల్ హౌసింగ్, బ్లాకు ఈ బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కరుగా వచ్చి మీరే తిప్పి కొలవండి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.