ఫిర్యాదు ఎవరి చేతికి, ఎప్పటిలోగా

శ్రోతలకు నమస్కారం.

లాబ్ రికార్డు మీద సంతకం కోసం వెళ్లిన విద్యార్థినితో లెక్చరర్ "సాయంత్రం ఒక్కదానివే రా, నువ్వు నన్ను చూసుకుంటే నీ మార్కులు నేను చూసుకుంటాను" అన్నాడనుకోండి. చెయ్యి వేయలేదు, బూతు మాట అనలేదు. తోటి అమ్మాయిలు "ఆయన తీరే అంత, నువ్వే జాగ్రత్తగా ఉండు" అని సర్దిచెబుతారు. మహిళల మీద లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టం మాత్రం అలా సర్దుకుపొమ్మనదు. అందరూ పోష్ చట్టం అంటున్నది దీన్నే. లైంగిక ఉద్దేశంతో మేలు చేస్తానని ఆశ పెట్టడం, మాట వినకపోతే నష్టం తప్పదని బెదిరించడం రెండూ ఆ చట్టం ప్రకారం లైంగిక వేధింపులే. ఆ ఆశ, ఆ బెదిరింపు నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. ఎదుటి మనిషికి అర్థమయ్యేలా ప్రవర్తించినా చాలు.

ఇంకో రకం ఉంది. అందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పాఠం మధ్యలో ద్వంద్వార్థాల జోకులు, వాట్సాప్ గ్రూపులో అమ్మాయిల ఫొటోలకు మార్కులు వేయడం, రాత్రి పదకొండింటికి ప్రాజెక్టు గైడ్ దగ్గర్నుంచి "నిద్ర పట్టడం లేదా" అని మెసేజీలు. వీటివల్ల ఆ అమ్మాయి క్లాసుకు రావడానికి జంకితే, చదువు మీద మనసు నిలవకపోతే, దాన్ని చట్టం ప్రతికూల వాతావరణం అంటుంది. అదీ వేధింపే.

ఏది వేధింపు అన్నదానికి చట్టం ఐదు సంగతులు చెప్పింది. ఒంటి మీద చెయ్యి వేయడం, లైంగిక కోరిక తీర్చమని అడగడం, లైంగిక అర్థం వచ్చే వ్యాఖ్యలు, అశ్లీల చిత్రాలు చూపించడం, ఇవి కాక మాటతో గానీ సైగతో గానీ చేసే లైంగిక స్వభావం ఉన్న మరే పని అయినా. ఈ ఐదింటికీ షరతు ఒక్కటే: అది అవతలి మనిషికి ఇష్టం లేనిదై ఉండాలి. "సరదాకి అన్నాను", "మా ఇద్దరికీ స్నేహం ఉండేది" అనేవి విచారణలో తరచూ వినిపించే జవాబులు. నిరుడు స్నేహం ఉన్నంత మాత్రాన ఈ ఏడాది ఇష్టం ఉన్నట్టు కాదు. గట్టిగా వద్దనలేదు కదా అన్న వాదనా నిలవదు, మార్కులు వేసే చేతికి ఎదురు చెప్పడం ఏ విద్యార్థికైనా కష్టమే.

ఇక కాలేజీలు, యూనివర్సిటీలకు యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, విడిగా నిబంధనలు పెట్టింది. వాటి పేరులో 2015 ఉంటుంది, గెజిట్‌లో వచ్చింది 2016 మే నెలలో. వీటిలో క్యాంపస్ అంటే ప్రహరీ గోడ లోపలి స్థలమే కాదు. హాస్టల్, మెస్, క్యాంటీన్, పార్కింగ్ ఎలాగూ ఉన్నాయి. కాలేజీ బస్సు, ఇండస్ట్రియల్ టూర్, ఇంటర్న్‌షిప్ చేసే చోటు, ఇంకో ఊళ్లో జరిగే ఆటల పోటీలు, కల్చరల్ ఫెస్ట్ కూడా క్యాంపస్ కిందికే వస్తాయి. అడ్మిషన్ కోసం వచ్చి ఇంకా సీటు రాని అమ్మాయి కూడా ఆ సంస్థ విద్యార్థిని కిందే లెక్క. పోష్ చట్టం మహిళల కోసం చేసినది. యూజీసీ నిబంధనలు ఇంకాస్త ముందుకు వెళ్లి, మగ విద్యార్థులూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ వేధింపులకు గురవుతారని గుర్తించి, అలాంటి హింస ఎవరి మీద జరిగినా సంస్థ గట్టిగా చర్య తీసుకోవాలన్నాయి.

అవే నిబంధనల్లో చాలామంది చూడని మాట ఒకటుంది. భద్రత పేరు చెప్పి అబ్బాయిల హాస్టల్లో లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టల్లో పెట్టకూడదు. అబ్బాయిలు రాత్రి పది దాకా లైబ్రరీలో ఉండొచ్చు, అమ్మాయిలు ఆరున్నరకే గేటు లోపల ఉండాలి అనే పద్ధతికి మన దగ్గర పెద్దల మద్దతు బాగానే ఉంటుంది. యూజీసీ నిబంధనల్లో మాత్రం దానికి చోటు లేదు.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. ఫిర్యాదు ఎవరికివ్వాలి? అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. దాన్నే ఐసీసీ అంటారు. దానికి అధ్యక్షురాలు సీనియర్ అధ్యాపకురాలై ఉండాలి, యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కు, కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌కు తక్కువ హోదా పనికిరాదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, మహిళా సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి బయటి సభ్యులు ఒకరు. గొడవలో విద్యార్థులుంటే డిగ్రీ, పీజీ, రీసెర్చ్ స్థాయిల నుంచి ఒక్కొక్కరు చొప్పున ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే ఉండాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి లాంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదు. ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. అయినా చాలాచోట్ల నోటీసు బోర్డు మీది జాబితాలో బయటి సభ్యుల పేరు ఉండదు, లేదా రిటైరై వెళ్లిపోయినవాళ్ల పేర్లే ఇంకా వేలాడుతుంటాయి. కమిటీ కూర్పు తప్పితే, విచారణ ఎంత బాగా చేసినా రేపు కోర్టులో నిలవడం కష్టం.

పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట ఐసీసీ ఉండదు. అమీర్‌పేటలో ఐదారుగురితో నడిచే కోచింగ్ సెంటర్ లాంటివన్న మాట. అక్కడివాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. సంస్థ అధిపతి మీదే ఫిర్యాదు అయినప్పుడు కూడా వెళ్లాల్సింది అక్కడికే.

గడువు మూడు నెలలు. ఘటన జరిగిన రోజు నుంచి లెక్క. పదే పదే జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే, ఆ కారణాన్ని రాసిపెట్టి, కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆపైన లేదు. కోల్‌కతాలో ఒక న్యాయ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద 2023 డిసెంబర్ 26న ఫిర్యాదు ఇచ్చారు. చివరి వేధింపు ఘటన అదే ఏడాది ఏప్రిల్‌లోది. ఆ తర్వాత తనను ఒక పదవి నుంచి తప్పించడం కూడా వేధింపులో భాగమేనని ఆమె వాదించారు. అది పాలనాపరమైన నిర్ణయమని, ఫిర్యాదుకు కాలం చెల్లిందని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరోపణ మరుగున పడకుండా ఆ తీర్పును ఆయన బయోడేటాలో చేర్చమంది గానీ, విచారణ మాత్రం జరగలేదు. ఒక న్యాయ విద్యాలయంలోనే ఇలా అయితే, ఇంటర్ పాసై ఊరి నుంచి వచ్చిన పిల్లకు ఈ గడువు సంగతి ఎవరు చెప్పాలి?

గడువు ఎక్కడ కరిగిపోతుందో చూడండి. అమ్మాయి ముందు క్లాస్ టీచర్‌కు చెబుతుంది. ఆయన హెచ్‌ఓడీ, అంటే విభాగాధిపతి, దగ్గరికి పంపుతారు. హెచ్‌ఓడీ "సెమిస్టర్ పరీక్షలు అవనీ" అంటారు. తర్వాత ప్రిన్సిపాల్ గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి సారీ చెప్పిస్తారు. ఇందులో ఏదీ చట్టం దృష్టిలో ఫిర్యాదు కాదు. ఉమెన్ ఎంపవర్‌మెంట్ సెల్‌కూ, యాంటీ ర్యాగింగ్ కమిటీకీ ఇచ్చిన కాగితం కూడా దానంతట అది ఐసీసీకి చేరుతుందని అనుకోవద్దు. కాగితం మీద "అధ్యక్షురాలు, అంతర్గత ఫిర్యాదుల కమిటీ" అని రాసి, తేదీ వేసి ఇవ్వండి. మీ కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. ఇవ్వనంటే రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఫిర్యాదులో ఏముండాలి? "ఆయన నన్ను చాలా రోజులుగా ఇబ్బంది పెడుతున్నారు" అన్న ఒక్క వాక్యంతో కమిటీ ఏమీ చేయలేదు. ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా గది, ఆయన అన్న మాట అన్నట్టుగానే, అప్పుడు అక్కడ ఎవరున్నారు, ఆ తర్వాత మీరు ఎవరికి చెప్పారు అన్నది ఘటన వారీగా రాయాలి. మాట రాయడానికి సిగ్గనిపిస్తుంది, అయినా రాయాలి. సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేయాలి. 2013 చట్టం కింది రూల్స్ ఆరు కాపీలు ఇమ్మంటాయి. రాయలేని స్థితిలో ఉంటే కమిటీ సభ్యులే రాయడానికి సాయం చేయాలి. మానసికంగానో శారీరకంగానో ఇవ్వలేకపోతే స్నేహితులు, బంధువులు, తోటి విద్యార్థులు ఇవ్వవచ్చు. మెసేజీలు ఉంటే చాట్‌ను చెరిపేయకండి. పంపినవాళ్ల నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, అసలు ఫోన్‌ను కూడా అలాగే ఉంచండి. కోపంతో బ్లాక్ చేసి చాట్ మొత్తం తుడిచేయడం మామూలే. తర్వాత బాధపడేదీ అందుకే.

ఫిర్యాదు అందిన 7 రోజుల్లో దాని కాపీ ఎదుటి వ్యక్తికి పంపాలి. ఆయన 10 రోజుల్లో జవాబివ్వాలి. మొత్తం విచారణ 90 రోజుల్లో ముగియాలి, ముగిసిన 10 రోజుల్లో నివేదిక యాజమాన్యానికి వెళ్లాలి, ఇద్దరికీ కాపీలు అందాలి. దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు లేకపోతే యాజమాన్యం 30 రోజుల్లో అమలు చేయాలి. సిఫార్సు ఒప్పుకోకపోతే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

నెమ్మదిగా చేస్తే ఎలా నష్టమో, హడావిడిగా చేసినా అంతే నష్టం. గోవా యూనివర్సిటీలో ఒక విభాగాధిపతిని 2009 నాటి విచారణ ఆధారంగా ఉద్యోగం నుంచి తీసేశారు. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. తనవైపు వాదన చెప్పుకోవడానికి ఆయనకు తగిన సమయం ఇవ్వకుండా విచారణను ఉరుకులు పరుగుల మీద ముగించారన్నది కారణం. పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటికొచ్చిన విచారణ ఫిర్యాదు చేసినవాళ్లకూ శిక్షే. ఎదుటి వ్యక్తికి నోటీసు, కాగితాల కాపీలు, సాక్షులను ప్రశ్నించే వీలు ఇవ్వడం అతని మీద దయ కాదు, ఫిర్యాదు నిలబడాలంటే అవి ఉండి తీరాలి.

విచారణ నడిచే రోజుల్లో రక్షణ అడగవచ్చు. ఆ లెక్చరర్ ఈ అమ్మాయి పేపర్లు దిద్దకుండా, వైవా తీసుకోకుండా ఆపమనవచ్చు. ఇద్దరిలో ఒకరిని వేరే విభాగానికి మార్చమనవచ్చు. మూడు నెలల దాకా సెలవు అడగవచ్చు, దానివల్ల ఆమెకు రావాల్సినవేవీ పోకూడదు. ఇవన్నీ రాతపూర్వకంగా అడగాలి.

రాజీ గురించి ఒక్క మాట. ఫిర్యాదు చేసినవాళ్లు కోరితేనే రాజీ ప్రయత్నం చేయాలి, డబ్బు ముట్టజెప్పడం దానికి ఆధారం కాకూడదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదు. కక్షతో పెట్టారని విచారణలో విడిగా తేలితేనే చర్య. "రుజువు కాకపోతే నీ మీదే కేసు" అని భయపెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఇక విచారణలో ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ బయటపెట్టకూడదు. విషయం పొక్కించిన బాధ్యుల నుంచి 5,000 రూపాయలు వసూలు చేయాలని రూల్స్ చెబుతున్నాయి.

వివక్ష అన్నది వేరే ఫిర్యాదు, కానీ రెండూ కలిసే రావచ్చు. కులం, మతం, భాష, లింగం, వైకల్యం కారణంగా తక్కువగా చూస్తే 2012 యూజీసీ నిబంధనల ప్రకారం సమాన అవకాశాల విభాగానికి, వివక్ష నిరోధక అధికారికి ఫిర్యాదు చేయాలి. దళిత, గిరిజన మహిళను ఆ కులమని తెలిసే లైంగిక ఉద్దేశంతో తాకినా, అలాంటి మాటలన్నా ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కూడా నేరమవుతుంది. ఆ కేసును డీఎస్పీ హోదా అధికారి దర్యాప్తు చేయాలి.

జూనియర్ కాలేజీల్లో పిల్లలు చాలావరకు పద్దెనిమిది నిండనివాళ్లే. అక్కడ పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం వర్తిస్తుంది. విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు కోసం దాచిపెట్టిన యాజమాన్యానికి ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

ఐసీసీకి ఇచ్చాం కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్లకూడదని ఎక్కడా లేదు. రెండూ ఒకేసారి నడవవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపులకు 75వ సెక్షన్, వెంటపడి వేధించడానికి 78వ సెక్షన్ ఉన్నాయి. ఘటన ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఈ నేరాల్లో మహిళా అధికారే వాంగ్మూలం రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆపదలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098. వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోవద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దాని నంబరు 15100.