మూలకేశం పెరుగుతున్నంత సేపే: వేరుకీ బ్యాక్టీరియాకీ పొత్తు ఎలా కుదురుతుంది

[తెర మీద: తడి కాగితంపై మొలకెత్తిన ముల్లంగి గింజ, బాగా దగ్గరగా]

ఈ మొలక వేరు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తోంది కదా. బూజు పట్టిందనుకుని చాలామంది పారేస్తారు. ఇది బూజు కాదు, మూలకేశాలు. వేరు కొన నున్నగా ఉండి, దానికి కొంచెం వెనక నుంచి చుట్టూ ఒకే తీరుగా నూగు నిలబడి ఉంటే అవి మూలకేశాలే. బూజైతే ఎక్కువగా గింజ తొక్క మీద మచ్చలా మొదలై, సాలెగూడులా అల్లుకుంటుంది. అనుమానం తీరకపోతే కాస్త నీళ్లు చల్లండి. మూలకేశాలు వేరుకి అతుక్కుపోయి మాయమైనట్టు అనిపిస్తాయి.

మీరే చూడాలంటే, మూత ఉన్న డబ్బాలో టిష్యూ కాగితం రెండు మడతలు పరిచి తడపండి. డబ్బా వంచి మిగులు నీళ్లు పారబోయండి. పది ముల్లంగి గింజలు ఎడంగా పెట్టి, మూతేసి చీకట్లో ఉంచండి. రెండు మూడు రోజులకి భూతద్దంలో చక్కగా కనిపిస్తాయి. నీళ్లు నిలబడితే మాత్రం గాలి అందక వేరు బోసిగా మిగులుతుంది. ఎక్కువ ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే.

[యానిమేషన్: వేరు పైపొర, ఒక్క కణం పక్కకి సాగుతూ]

మూలకేశం మొత్తం ఒక్కటే కణం. పైపొర కణం పక్కకి ఉబ్బి, ఆ ఉబ్బే గొట్టంలా సాగుతుంది. మందం దాదాపు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో నిమిషానికి ఒకటి రెండు మైక్రాన్లు పెరుగుతుంది.

పెరిగేది కొన ఒక్కటే. కణకవచానికి, అంటే కణం గోడకి, కావలసిన సరుకు నింపుకున్న సూక్ష్మమైన సంచులు యాక్టిన్ అనే ప్రొటీన్ పోగుల వెంట కొనకి చేరి, అక్కడ పగిలి గోడలో కలిసిపోతాయి. ఆ కొనలో కాల్షియం గాఢత ఎక్కువ, వెనక్కి వచ్చేకొద్దీ తక్కువ. కాల్షియం శిఖరం ఏ పక్కకి జరిగితే మూలకేశం ఆ పక్కకి వంగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఇంత సన్నని పోగులు అన్ని ఎందుకంటే, భాస్వరం మట్టిలో దాదాపు కదలదు. అది వేరు దగ్గరకి రాదు, వేరు తానే దాని దగ్గరకి వెళ్లాలి. 1937లో డిట్మర్ అనే శాస్త్రవేత్త నాలుగు నెలల రై అనే ధాన్యపు మొక్క ఒకదానికి సుమారు 1,400 కోట్ల మూలకేశాలు ఉన్నాయని లెక్కగట్టాడు. కొసకి కొస కలిపితే 10,000 కిలోమీటర్లు దాటుతాయి!

[తెర మీద: బఠాణీ వేరు, మూలకేశాల చుట్టూ కదులుతున్న బ్యాక్టీరియా]

ఇక బ్యాక్టీరియా సంగతి. నత్రజని చాలనప్పుడు పప్పుజాతి మొక్క వేళ్ల నుంచి ఫ్లావనాయిడ్లు అనే రసాయనాలు మట్టిలోకి ఊరుతాయి. గాలిలోని నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మార్చే రైజోబియం అనే బ్యాక్టీరియా వాటిని పసిగట్టి, నాడ్ ఫ్యాక్టర్ అనే అణువులు వదులుతుంది. ఇది తాళంచెవి లాంటిది. బఠాణీ రకం బ్యాక్టీరియా సోయాబీన్‌కి పనికిరాదు, అందుకే పంటకి తగిన కల్చరే, అంటే గింజకి పట్టించే బ్యాక్టీరియా పొడో ద్రావణమో, వాడాలి.

తాళం కుదరగానే మూలకేశం కేంద్రకంలో కాల్షియం అలలు అలలుగా పెరిగి తగ్గుతుంది. ఇప్పుడు ఇందాకటి మాట గుర్తు తెచ్చుకోండి. బ్యాక్టీరియా అంటుకున్న వైపుకే కొన పెరుగుదల మళ్లుతుంది. కొన వంకీ తిరిగి, బ్యాక్టీరియాని తన మడతలో బిగించేస్తుంది. ఆ మడతలో గోడ కరిగి, కణం లోపలికి ఒక సన్నని గొట్టం మొదలవుతుంది. అందులో బ్యాక్టీరియా వరసగా విభజన చెందుతూ లోపలి పొరల దాకా చేరుతుంది. అప్పటికే అక్కడి కణాలు విభజన మొదలుపెట్టి, బ్యాక్టీరియా కాపురముండే బుడిపెకి చోటు సిద్ధం చేస్తుంటాయి. ఇలా మొదలైన గొట్టాల్లో చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి, అది మామూలే.

పెరగడం ఆగిపోయిన ముదురు మూలకేశం వంకీ తిరగలేదు. కొత్తగా పుట్టి ఇంకా సాగుతున్నవే బ్యాక్టీరియాకి దారి ఇస్తాయి. కల్చర్‌ని గింజకి పట్టించడానికి కారణం ఇదే. బ్యాక్టీరియా మట్టిలో తనంతట తాను పెద్ద దూరం పోలేదు కాబట్టి, లేత వేరు పుట్టే చోటే అది సిద్ధంగా ఉండాలి. వేరుశనగ మాత్రం వేరే దారి: అక్కడ పక్కవేరు చీల్చుకొచ్చే పగులులోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది.

[తెర మీద: కల్చర్ పట్టించిన గింజలు నీడలో ఆరుతూ]

బుడిపెలు రాకపోవడానికి కారణాలు చాలావరకు ఈ తొలి రోజుల్లోనే దొరుకుతాయి. కల్చర్ పట్టించిన గింజని ఎండలో ఆరబెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. కొన్ని శిలీంధ్రనాశినులు కూడా దాన్ని చంపుతాయి, అందుకే రెండూ కలిపే ముందు కల్చర్ ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చదవండి. నేల బాగా ఆమ్లంగా ఉంటే మూలకేశాలూ సరిగా రావు, బ్యాక్టీరియా అతుక్కోవడమూ దెబ్బతింటుంది. సున్నం వేసేది ఇందుకే. యూరియా ఎక్కువగా వేశారంటే, నత్రజని చేతికందిన మొక్క బ్యాక్టీరియాని పిలవడం తగ్గించేస్తుంది. బ్యాక్టీరియా బతికే ఉన్నా బుడిపెలు రావు.

[తెర మీద: పారతో తవ్వి తీసిన మట్టిపెళ్ల, నీళ్లలో నానుతున్న వేరు]

విత్తిన మూడు నాలుగు వారాలకి చూడండి. మొక్కని పట్టి లాగొద్దు, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, వేరుకి ఏమీ లేదనుకుంటారు. మట్టిపెళ్లతో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. ఒక బుడిపెని బ్లేడుతో రెండుగా కోయండి. లోపల గులాబీ, ఎరుపు రంగుంటే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ ఉంది, నత్రజని స్థిరీకరణ, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మార్చడం, సాగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదేమో. వారం ఆగి, ఇంకో మొక్క తవ్వి చూడండి. అప్పటికీ తెల్లగానే ఉంటే లోపల చేరింది పనిచేయని రకం. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే ఆ బుడిపె ముదిరి, పని ముగించింది.